"ఈ కాగితం నీకు ఎవరిచ్చారు?" అని స్టేషన్ నుంచి ఫోనొస్తే

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ఇది: ధాన్యం కొనుగోలు కేంద్రంలో పుట్టికి 850 కిలోలకి బదులు ఎక్కువ తూకం లాగుతున్నారని అక్కడ పనిచేసే ఒక తాత్కాలిక ఉద్యోగి నీకు రిజిస్టర్ పేజీ ఫోటో వాట్సాప్‌లో పంపాడు. నువ్వు దాన్ని ఉన్నదున్నట్టు నీ యూట్యూబ్ ఛానల్లో చూపించావు, నువ్వు కంట్రిబ్యూటర్‌గా రాస్తున్న పేపర్ జిల్లా పేజీలో కూడా వార్త వచ్చింది. ఇప్పుడు స్టేషన్ నుంచి "ఒకసారి వచ్చిపో, ఎవరిచ్చారో చెప్తే సరిపోద్ది" అని ఫోను. పేపర్ వాళ్ళేమో నీ గొడవ నువ్వు చూసుకో అంటున్నారు. చెప్పాలా వద్దా అని అడిగావు. మండలం పేరు రాయకపోవడం మంచి పని చేశావు, ఇకముందు కూడా ఎక్కడా రాయొద్దు.

నేను ఒంగోలులోనూ నెల్లూరులోనూ పత్రిక బ్యూరోలో చేశాను, ఇప్పుడు డెస్క్‌లో ఉన్నాను. నా జవాబు, చెప్పొద్దు. అయితే "జర్నలిస్టుకి సోర్సు (అంటే సమాచారం ఇచ్చినవాళ్ళు) ఎవరో చెప్పకుండా ఉండే హక్కు ఉంది, చట్టమే చెప్తోంది" అని నీకు ఎవరో ధైర్యం చెప్పారని రాశావే, అది నమ్ముకుని మాత్రం స్టేషన్ గడప తొక్కొద్దు. ఆ హక్కు మన దేశంలో అంత గట్టిగా లేదు.

వాళ్ళు చెప్తున్నది 1978 నాటి ప్రెస్ కౌన్సిల్ చట్టంలో 15వ సెక్షన్ గురించి. వార్త ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పమని పత్రికని, ఎడిటర్ని, జర్నలిస్టుని బలవంతపెట్టకూడదని అందులో ఉన్న మాట నిజమే. అయితే అది పత్రికల మీద ఫిర్యాదులు చూసే ప్రెస్ కౌన్సిల్ ముందు జరిగే విచారణకి మాత్రమే. పోలీస్ స్టేషన్లోనో, మేజిస్ట్రేటు కోర్టులోనో అది నీకు పనికిరాదు. పైగా ప్రెస్ కౌన్సిల్ పరిధి పత్రికలూ వార్తా సంస్థలే, నీ యూట్యూబ్ ఛానల్ అందులోకి రానే రాదు.

ఇందులో నాకు ఎప్పుడూ మింగుడుపడని సంగతి ఒకటుంది. నేరం జరిగిన సమాచారం నీకు ఎవరిచ్చారని పోలీసుని కోర్టు బలవంతపెట్టి అడగకూడదు, ఆ రక్షణ పాత ఎవిడెన్స్ యాక్ట్‌లో 125వ సెక్షన్‌గా ఉండేది, కొత్త భారతీయ సాక్ష్య అధినియంలో 131గా ఉంది. లాయరుకి క్లయింటు చెప్పిన మాటలకీ రక్షణ ఉంది. జర్నలిస్టుకి లేదు. చట్టాల్లో మార్పులు సూచించే లా కమిషన్ 1983లోనే తన 93వ నివేదికలో, సోర్సు పేరు చెప్పమని కోర్టులు బలవంతపెట్టకుండా 132ఏ అని ఒక సెక్షన్ చేర్చమని చెప్పింది. చేర్చలేదు. 2023లో ఆ 1872 నాటి ఎవిడెన్స్ యాక్ట్‌నే తీసేసి కొత్తది రాశారు, 2024 జూలై 1 నుంచి అమల్లోకి తెచ్చారు, అప్పుడూ చేర్చలేదు. 2023 జనవరిలో ఢిల్లీలో ఒక సీబీఐ కోర్టు అయితే దర్యాప్తు సంస్థకి సోర్సు చెప్పకుండా ఉండే మినహాయింపు జర్నలిస్టులకి చట్టంలో లేదని తేల్చేసింది.

రెండో వైపు కూడా చెప్పాలి. జర్నలిస్టుల ఫోన్లలోకి పెగసస్ అనే నిఘా సాఫ్ట్‌వేర్ పంపారన్న కేసులో 2021 అక్టోబరు 27న సుప్రీంకోర్టు, సోర్సులకి రక్షణ లేకపోతే పత్రికా స్వేచ్ఛ నిలవదన్న అర్థంలో చాలా స్పష్టంగా రాసింది. ఆ బెంచికి నేతృత్వం వహించిన జస్టిస్ ఎన్.వి.రమణ ఒకప్పుడు పత్రికలో పనిచేసినాయనే. 2019లో రఫేల్ యుద్ధ విమానాల కొనుగోలు పత్రాలు బయటపెట్టినప్పుడు హిందూ పత్రిక ఎన్.రామ్ సోర్సుల వివరాలు ఎవరికీ ఇచ్చేది లేదని బాహాటంగానే అన్నారు, ఆ పత్రాలు దొంగిలించినవి కాబట్టి చూడొద్దన్న కేంద్రం అభ్యంతరాన్ని ఆ ఏప్రిల్లో సుప్రీంకోర్టు కొట్టేసింది. కాబట్టి వాదించడానికి నీ లాయరుకి సరుకు ఉంది. కాకపోతే అక్కడ వెనకాల హిందూ ఉంది, ఇక్కడ నీ వెనకాల నీ బండి తప్ప ఏమీ లేదు. ఈ తేడా మర్చిపోయి పెద్ద మాటలు మాట్లాడే సీనియర్ల సలహాలు వినొద్దు, నాది కూడా లాయరుతో సరిచూసుకునే విను.

ఇప్పుడు చేయాల్సిన పని. ఫోన్లో "వచ్చిపో" అనడం నోటీసు కాదు. మర్యాదగా, "సార్, కాగితం మీద ఇవ్వండి, తప్పకుండా వస్తాను" అను. గొంతు పెంచొద్దు, రికార్డు చేసి ఛానల్లో వేయొద్దు. నోటీసు వస్తే ఏ సెక్షన్ అని చూడు. బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్పీసీ బదులు వచ్చిన చట్టం) 179 అయితే నిన్ను సాక్షిగా పిలుస్తున్నట్టు, 35(3) అయితే నిందితుడిగా చూస్తున్నట్టు, 94 అయితే ఏదో కాగితమో ఫోనో తెమ్మంటున్నట్టు. మూడింటికీ జవాబు మూడు రకాలుగా ఉంటుంది. సాక్షిగా పిలిస్తే అడిగినదానికి నిజం చెప్పాలనే చట్టంలో ఉంది, చెప్పనంటే దానిమీద కూడా కేసు పెట్టే వీలుంది, ఇది ముందే తెలుసుకుని వెళ్ళు. అందుకే ఒక్కడివే పోవద్దు. వీలైతే జవాబు రాతపూర్వకంగా ఇవ్వు: వార్త నాదే, దానికి ఆధారాలు ఇవి, నమ్మి చెప్పినవాళ్ళ వివరాలు వృత్తి నియమాల రీత్యా చెప్పలేను, అని.

అబద్ధం మాత్రం ఆడొద్దు. "ఎవరో గుర్తు తెలియని నంబరు నుంచి వచ్చింది" అన్నావనుకో, కాల్ డేటా తీస్తే పది నిమిషాల్లో బయటపడుతుంది, ఆ తర్వాత నీ వార్తలో నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు. చెప్పను అనడం వేరు, అబద్ధం చెప్పడం వేరు. అలాగే ఇప్పుడు కంగారుపడి ఫోన్లో చాట్‌లన్నీ డిలీట్ చేయొద్దు. సాక్ష్యం అని తెలిశాక చెరిపేయడం మళ్ళీ ఇంకో నేరం. చెరిపేసే అలవాటు ఉంటే అది వార్త రాయకముందు ఉండాలి. ఫోను తీసుకుంటామంటే పంచనామా కాగితం, అందులో మోడలు, ఐఎంఈఐ నంబరు రాయించుకోకుండా ఇవ్వొద్దు.

ఆ కుర్రాడికి ఇప్పుడు నీ ఫోన్ నుంచి ఫోన్ చేయొద్దు. "భయపడొద్దు, నీ పేరు చెప్పలేదు" అని చెప్పాలని మనసు పీకుతుంది, నాకు తెలుసు. వాట్సాప్‌లో మాటలు ఎవరికీ కనపడవు గదా అంటావు. మాటలు కనపడవు, కానీ ఎవరు ఎవరితో ఎన్ని గంటలకి మాట్లాడారన్నది తెలుసుకునే దారులు ఉన్నాయి, ఇద్దరి నంబర్లూ పక్కపక్కన పడితే అదే చాలు.

సరే, ఇదంతా స్టేషన్ గొడవ. నాకు అసలు బాధ కలిగించింది ఆ ఫోటో. నువ్వు పేరు చెప్పనక్కర్లేదు తమ్ముడూ, ఆ ఫోటో సగం చెప్పేసింది. రిజిస్టర్ పేజీ, చేతిరాత, పేజీ మూల, ఏ రోజు వరకు ఎంట్రీలున్నాయి, ఇవన్నీ కనపడుతున్నాయి. ఆ రోజు ఆ రిజిస్టర్ ముట్టుకునే అవకాశం ఎంతమందికి ఉంటుంది? కేంద్రంలో ఉండేదే ఇద్దరు ముగ్గురు. పోలీసులు నిన్ను అడిగేది తెలియక కాదేమో, నీ నోటితో ఖాయం చేసుకోవడానికేమో.

దీనికి ప్రపంచమంతా చెప్పుకునే ఉదాహరణ అమెరికాది. 2017లో రియాలిటీ విన్నర్ అనే ఆవిడ ఎన్ఎస్ఏ అనే నిఘా సంస్థ రిపోర్టు ఒకటి ప్రింటు తీసి ది ఇంటర్‌సెప్ట్ అనే వార్తా సంస్థకి పంపింది. వాళ్ళు ఇది అసలుదేనా అని నిర్ధారించుకోవడానికి దాని కాపీని ప్రభుత్వానికే చూపించారు. కాగితం మీద మడత గుర్తులున్నాయి, అంటే ప్రింటు తీశారని ప్రభుత్వం వాళ్ళకి అర్థమైంది. ప్రింటు తీసినవాళ్ళు ఎవరని చూస్తే ఆరుగురు, ఆ ఆరుగురిలో ఆఫీసు కంప్యూటర్ నుంచి ఆ వార్తా సంస్థకి మెయిల్ పెట్టింది ఒక్కావిడ. వార్త బయటికి రాకముందే ఆవిడని అరెస్టు చేశారు, తర్వాతి ఏడాది ఐదేళ్ళ మూడు నెలల శిక్ష పడింది. చూడు, అక్కడ విలేకరిని ఎవరూ పేరు అడగలేదు. అంత పెద్ద సంస్థ, అంతమంది అనుభవజ్ఞులు, నిజం నిర్ధారించుకోవాలన్న మంచి ఉద్దేశంతోనే కాగితం చూపించారు. మన మండలంలో తహసీల్దార్ దగ్గరకి వెళ్ళి "సార్ ఇది నిజమేనా" అని వాట్సాప్ ఫోటో చూపించడం ఇదే పని.

మరి నిర్ధారించుకోకుండా ఎలా రాయాలి అంటావు. ఇక్కడే నేను చెప్పదలుచుకున్నది ఉంది. లోపలివాడు ఇచ్చిన కాగితం నీకు దారి చూపించడానికి, జనానికి చూపించడానికి కాదు. ఆ కాగితంలో ఉన్న నిజాన్ని ఆ కాగితం లేకుండా నిలబెట్టగలిగేదాకా తిరగాలి. అప్పుడు వార్తా గట్టిగా ఉంటుంది, వాడూ బతుకుతాడు. సోర్సుని కాపాడటం, నిజం రాయడం రెండు వేరే ధర్మాలన్నట్టు మాట్లాడతారు గానీ ఊళ్ళో పనిచేసేవాడికి రెండూ ఒకటే తిరుగుడు.

నీ వార్తే తీసుకో. మన నెల్లూరు జిల్లాలో పుట్టి అంటే 850 కిలోలని చిన్నపిల్లాడిని అడిగినా చెప్తాడు. దానికి పైన తరుగు పేరుతో, తేమ పేరుతో ఎంత లాగారో తెలియాలంటే రిజిస్టర్ ఒక్కటే ఆధారమా? రైతు దగ్గర కాటా చీటీ ఉంటుంది. లారీ వెంట ట్రక్ షీట్ పోతుంది. రైతు బ్యాంకు ఖాతాలో ఎన్ని క్వింటాళ్ళకి డబ్బు పడిందో ఉంటుంది. కాటా చీటీలో ఉన్న తూకానికీ ఖాతాలో పడిన డబ్బుకీ మధ్య తేడా ఉంటే ఆ తేడానే నీ వార్త. పది మంది రైతుల చీటీలు పక్కపక్కన పెట్టు. పుట్టికి 50 కిలోలు అదనంగా తీస్తున్నారనుకుందాం, 2025-26లో సాధారణ రకం మద్దతు ధర క్వింటాకి 2,369 రూపాయలు, అంటే పుట్టికి దాదాపు 1,184 రూపాయలు పోయినట్టు. ఎకరాకి మూడు పుట్లు పండితే మూడున్నర వేలు. ఈ లెక్క నీ వీడియోలో ఎక్కడా లేదు, రిజిస్టర్ ఫోటో చుట్టూ ఎర్ర గీత గీసి "సంచలనం" అని మ్యూజిక్ పెట్టావు. రైతుకి కావాల్సింది లెక్క.

తేమ సంగతి కూడా చూడాలి. కొనుగోలుకి 17 శాతం దాకా అనుమతి ఉంది, అంతకంటే తడిగా తెస్తే తరుగు తీయడంలో న్యాయం ఉన్న సందర్భాలూ ఉంటాయి. నువ్వు చూపించిన పేజీలో తేమ కాలమ్ ఉందా? ఆ రైతుల ధాన్యంలో తేమ ఎంత? అది అడగకుండా దోపిడీ అని రాస్తే, రేపు రైస్ మిల్లరు వచ్చి తేమ రిపోర్టులు బల్లమీద పెడితే నీ వార్త అక్కడే పడిపోతుంది, దానితోపాటు నీకు కాగితం ఇచ్చినవాడు అబద్ధాలకోరు అయిపోతాడు. ఆ కుర్రాడి ఉద్దేశం ఏమిటో కూడా ఒక్క నిమిషం ఆలోచించు. మంచివాడే కావచ్చు. పైవాడితో పడక కూడా ఇచ్చి ఉండొచ్చు. కోపంతో ఇచ్చినా కాగితం నిజమైతే నిజమే, కాకపోతే కోపంతో ఇచ్చినవాడు తనకి కావాల్సిన పేజీ మాత్రమే ఇస్తాడు, పక్క పేజీ ఇవ్వడు.

సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు వేసి పెట్టు. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకి ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. ముప్పై రోజులు గడువు. ఆలస్యమే, వాళ్ళు ఏదో ఒక వంక పెడతారు కూడా, అయినా ఒకసారి అధికారికంగా ఆ రిజిస్టర్ నకలు చేతికొచ్చిందంటే ఇక "నీకు ఎవరిచ్చారు" అనే ప్రశ్నకి ప్రభుత్వమే ఇచ్చింది అనే జవాబు ఉంటుంది. నేను చూసిన మంచి విలేకరులు చాలామంది చేసేది ఇదే, లోపలివాడు ఏ ఫైలు అడగాలో చెప్తాడు, వీళ్ళు ఆ ఫైలుని ముందు తలుపు నుంచి తెచ్చుకుంటారు.

ఇంకో మాట. మన జిల్లా పేజీల్లో "విశ్వసనీయ వర్గాల సమాచారం" అనేది ఎంత చవకైపోయిందో నీకు తెలుసు. టీ కొట్టు దగ్గర విన్నది విశ్వసనీయ వర్గాలే, ఎమ్మెల్యే అనుచరుడు ఎదుటివాడిమీద చెప్పిన చాడీ కూడా విశ్వసనీయ వర్గాలే. ఇలా రాసీ రాసీ, నిజంగా ఉద్యోగం పణంగా పెట్టి చెప్పినవాడికి కూడా విలువ లేకుండా చేశాం. పేరు దాయడం అనేది వాడికి ముప్పు ఉన్నప్పుడు చేసే పని, మనం ఎవరినీ అడక్కుండా రాసుకోవడానికి అడ్డం పెట్టుకునేది కాదు. దీనికి తోడు ఇంకో రకం ఉంది, పేరు దాచామనుకుని దొరకబెట్టేది. "పేరు చెప్పడానికి ఇష్టపడని కేంద్రం ఉద్యోగి ఒకరు" అని నీ పేపర్ వార్తలో ఉంది. ఇద్దరు ముగ్గురున్న చోట అదేం దాపరికం! "సంబంధిత వ్యవహారం తెలిసినవారు" అన్నా కాస్త నయం, అసలు ఆ వాక్యమే లేకపోయినా వార్తకి నష్టం లేదు.

పేరు పెట్టి రాస్తే అంతా నిజమైపోతుందనీ కాదు. 2021 మేలో కృష్ణపట్నం ఆనందయ్య మందు రోజులు గుర్తు తెచ్చుకో, నువ్వు అప్పుడు చదువుకుంటున్నావేమో. ముత్తుకూరు రోడ్డంతా అంబులెన్సులు, కార్లు. కంట్లో చుక్కలు వేయగానే లేచి కూర్చున్నానని ఒక పెద్దాయన కెమెరా ముందే చెప్పాడు, ఆ వీడియో దేశమంతా తిరిగింది. ముఖం ఉంది, మాట ఉంది, దాపరికం ఏమీ లేదు. ఆ నెలాఖరుకే ఆయన నెల్లూరు ప్రభుత్వాసుపత్రిలో చనిపోయాడు. అదే సమయంలో ప్రభుత్వం కంట్లో చుక్కల్ని పక్కనపెట్టి మిగతా మందుకి మాత్రం అనుమతిచ్చింది. ఆయన అబద్ధం ఆడాడని నేను అనను, ఆ పూట ఆయనకి అలా అనిపించి ఉంటుంది. ఆక్సిజన్ ఎంత ఉంది, మర్నాడు ఎలా ఉంది, డాక్టరు ఏమన్నాడు అని అడగాల్సింది మైకు పట్టుకున్నవాళ్ళు. సోర్సు నిజాయితీగా ఉండటం, వార్త నిజం కావడం ఒకటి కాదని దానికంటే బాగా చెప్పే సంఘటన మన జిల్లాలో నాకు కనపడదు.

మాట ఇవ్వడం గురించి కూడా అడిగావు, "నేను ప్రామిస్ అనే మాట అనలేదు కదా" అని. అనక్కర్లేదు. తాత్కాలిక ఉద్యోగి రాత్రిపూట కాగితం పంపి "అన్నా జాగ్రత్త" అన్నాడంటే నువ్వు ఒప్పుకున్నట్టే. ఇకనుంచి ముందే తేల్చుకో. పేరు వద్దంటున్నాడా, హోదా కూడా వద్దంటున్నాడా, అసలు రాయొద్దు తెలుసుకోవడానికే చెప్తున్నానంటున్నాడా. కోర్టు దాకా వెళ్తే నా పరిస్థితి ఇది అని నువ్వు కూడా చెప్పాలి, నీ వల్ల కానిది నీ నోటితో ఒప్పుకోకూడదు. ఆ పేరు డెస్క్‌లో ఎంతమందికి చెప్పావో రాయలేదు. ఎడిటర్‌కి గానీ బ్యూరో ఇన్‌ఛార్జికి గానీ ఒక్కరికి చెప్పడం న్యాయం, వార్త బాధ్యత వాళ్ళది కూడా కాబట్టి. యాడ్స్ చూసేవాళ్ళకి తెలిసిందంటే ఊరందరికీ తెలిసినట్టే, ఎందుకంటే అదే మిల్లరు దగ్గరికి దీపావళి యాడ్‌కి వెళ్ళేదీ వాళ్ళే.

మాట ఎప్పుడైనా తప్పొచ్చా అంటే, నా లెక్కలో రెండే సందర్భాలు. వాడు కావాలని దొంగ కాగితం ఇచ్చి నిన్ను వాడుకున్నాడని రుజువైతే ఒకటి, చెప్పకపోతే ఎవరి ప్రాణమో పోతుందంటే రెండోది. ప్రభుత్వం ఇచ్చే అక్రిడిటేషన్ కార్డు పోతుందనో, పేపర్ తీసేస్తుందనో అయితే కాదు. తనంతట తాను "నా పేరు చెప్పు, ఫర్వాలేదు" అంటే అది వేరే విషయం, అది కూడా ఎవరైనా బెదిరించి అనిపిస్తున్నారేమో చూసుకో.

పేపర్ వాళ్ళు నిన్ను వదిలేయడం గురించి నేను పెద్దగా ఏమీ అనను, అంటే నోరు చెడుతుంది. జీతం లేకుండా, అచ్చయిన వార్తకి సెంటీమీటర్ల లెక్కన డబ్బు (లైన్ అకౌంటు) ఇచ్చి, పైన యాడ్ టార్గెట్ పెట్టి, కేసు వస్తే మా ఉద్యోగి కాదనే పద్ధతి ఇవాళ్టిది కాదు. వెంకటగిరి జమీందారీ రైతుల గోడు చెప్పడానికి జమీన్ రైతు పత్రిక పుట్టింది ఈ నెల్లూరులోనే, ఒంగోలు గడ్డమీద పుట్టిన ప్రకాశం పంతులు 1921లో స్వరాజ్య పత్రిక పెట్టి సంపాదించిందంతా అందులో పోసింది కూడా మనకి తెలుసు. ఆ పేర్లు మీటింగుల్లో చెప్పుకుంటాం, కంట్రిబ్యూటర్‌కి లాయరు ఫీజు మాత్రం ఎవరూ కట్టరు. వార్త వాళ్ళ పేజీలో వచ్చింది కాబట్టి బాధ్యత వాళ్ళది కూడా అని ఎడిటర్‌కి మెయిల్ పెట్టు, ఫోన్లో కాదు. యూనియన్ వాళ్ళకి చెప్పు, ఏ యూనియన్ అయినా సరే. లాయరుకి డబ్బు ఇబ్బందైతే జిల్లా కోర్టులో న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, ఆదాయ పరిమితికి లోబడినవాళ్ళకి, ఎస్సీ ఎస్టీలకి, మహిళలకి ఉచితంగా లాయర్ని పెడతారు.

ఆ రిజిస్టర్ ఫోటో ఉన్న వీడియోని ఏం చేయాలన్నది లాయర్ని అడిగి చెయ్యి, నీ అంతట నువ్వు తీసేయొద్దు, తీసేస్తే తప్పు ఒప్పుకున్నట్టు వాడుకుంటారు. కొత్త వార్తకి మాత్రం ఆగొద్దు. కొనుగోలు అధికారి వివరణ, మిల్లరు వివరణ రెండూ తీసుకో, ఇవ్వకపోతే ఏ రోజు అడిగావో రాయి. కాటా చీటీల కోసం రేపే బయల్దేరు. కొనుగోళ్ళు ముగిసి ఎడగారు (రెండో పంట) పనుల్లో పడ్డాక ఆ చీటీలు ఏ రైతు దగ్గరా దొరకవు, చొక్కా జేబులో పెట్టి ఉతికేసి ఉంటారు. నోటీసు వస్తే నంబరూ పేర్లూ కొట్టేసి సెక్షన్ మాత్రం ఇక్కడ రాయి, చూసి చెప్తాను.